మా అవ్వకు నొప్పుల్లేవని రాసుకపోయిండు

ఫిబ్రవరిల మా ఇంటికి సర్వే పిలగాడు ఒకడు వచ్చిండు. చేతుల ట్యాబు, మెడల ఐడీ కార్డు, నెత్తికి టవల్ చుట్టుకున్నడు, చూస్తెనే తెలుస్తున్నది నాగ్‌పూర్ దిక్కు పిలగాడని, మా సిరొంచల (మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాల తెలంగాణ బార్డర్ కాడ ఉంటది) ఎండ ఇంకా మొదలు కూడ కాలేదు, అప్పటికే మొఖం ఎర్రగయింది పాపం. మా అవ్వ (మా దిక్కు అమ్మనే అవ్వ అంటం, నానమ్మ అనుకునేరు) వాకిట్ల గోనెసంచి పర్సుకొని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నది. ఎడమ కాలు మడత పెట్టుకుంది, కుడి కాలు మాత్రం ముందుకు చాపింది. ఆ కాలు నాలుగేండ్ల సంది గట్లనే, మడత పడదు.

పిలగాడు వయసు అడిగిండు, బీపీ అడిగిండు, షుగర్ అడిగిండు. తర్వాత "మావశీ, తుమ్హాలా సంధివాత్ ఆహే కా?" అన్నడు. అవ్వకు మరాఠీ బజార్ల బేరం చేసేటంత వస్తది, అంతకు మించి రాదు. ఆమెకు వినపడ్డది ఒక్క "వాత్" అనే ముక్క. చేతిల మిరపకాయ పక్కన పెట్టి నా దిక్కు చూసి "వాతం మా అత్తకచ్చింది, ఒక పక్క చెయ్యి కాలు పడిపోయి మూడేండ్లు మంచంల ఉన్నది, నాకెందుకుంటది, మంచి మాట మాట్లాడుమను" అన్నది. నేను షాపుకు పోనీకి చెప్పులేసుకుంట మధ్యల ఇరుక్కున్న, అది కాదే, కీళ్ళ నొప్పుల గురించి అడుగుతున్నడు అని చెప్పిన. "నొప్పేం లేదు బిడ్డా, జర గుంజుతది అంతే." పిలగాడు నా మొఖం చూసిండు. గుంజుడు అంటే ఏందో నేను మరాఠీల చెప్పేసరికి వాడు ట్యాబు నాకు చూపించి "దాదా, ఇక్కడ హోయ్, నాహీ రెండే ఉన్నయి" అన్నడు. నాహీ, అంటే లేదు, అదే నొక్కిండు. డాక్టర్ ఎప్పుడన్న కీళ్ళ జబ్బు ఉన్నదని చెప్పిండా అంటే అది కూడ నాహీ, ఎందుకంటె ఆమె ఆ కాలు పట్టుకొని ఏ డాక్టర్ దగ్గరికీ పోలేదు, మందులు నా షాపుల నుంచే పోతయి.

అయిపోయినంక అవ్వ గోడ పట్టుకొని, మోకాలు మీద చెయ్యి ఆనించి, "ఓ రామా" అనుకుంట లేచి వానికి నీళ్ళు తేనీకి లోపలికి పోయింది. వాడు అప్పటికే తర్వాతి ప్రశ్నల ఉన్నడు.

ఆ రోజు సంది నాకు ఒకటే మనసుల. పేపర్ల, వాట్సాప్‌ల "దేశంల ఇంత శాతం మందికి మోకాళ్ళ అరుగుడు", "ఇన్ని కోట్ల మందికి నడుము నొప్పి" అని వస్తయి గదా, ఆ శాతాల కింద ఇసొంటి వాకిళ్ళు ఎన్ని ఉంటయో. నేను డాక్టర్‌ను కాదు, మెడికల్ షాపోన్ని, డీఫార్మ్ చదివిన, ఖాళీగ ఉన్నప్పుడు కౌంటర్ల కూసొని ఇంటర్నెట్‌ల ఈ స్టడీలు చదువుడు అలవాటయింది. చదివిన కొద్ది ఒకటి అర్థమయింది, బీపీ షుగర్ల లెక్క వేరు, ఈ బొక్కల కీళ్ళ లెక్క వేరు. షుగర్‌కు రక్తం తీస్తరు, మిషన్ ఒక నంబర్ చెప్తది, ఆ నంబర్ మరాఠీల అడిగినా తెలుగుల అడిగినా మారదు. నొప్పికి మిషన్ లేదు. మనిషి నోటి నుంచి రావాలె, ఆ నోటికి ముందు ప్రశ్న చెవికి ఎక్కాలె.

మాటల సంగతే చెప్త. మా దిక్కు ఒంట్ల బాధకు ఎన్ని మాటలున్నయో కౌంటర్ల కూసుంటె తెలుస్తది. పిక్కలు గుంజుతయి. నడుము పడుతది. మెడ పట్టుకపోతది. మోకాలు సలుపుతది. భుజం జివ్వుమంటది. కాళ్ళు తీపులు తీస్తయి, తిమ్మిరెక్కుతయి, నరం లాగుతది, వంగి లేస్తుంటె కలుక్కుమంటది. వీటిల ఏ ఒక్కదాన్నీ వాళ్ళు "నొప్పి" పద్దుల వెయ్యరు. నొప్పి అంటే దెబ్బ తాకాలె, లేకపోతె పని బందు కావాలె. ఇంక ఆడోళ్ళను పట్టుకొని "నొప్పులున్నయా" అని అడిగినవనుకో, నవ్వుతరు, ఎందుకంటె నొప్పులు అంటే కాన్పు నొప్పులు. మా పక్కింటి కోడలును అదే పిలగాడు అడిగిస్తె (నేనే తర్జుమా చేసిన, నా తప్పే) "నాకిప్పుడు ఏడో నెలనే అన్నా" అన్నది. అక్కడ కూడ నాహీనే పడ్డది. ఆమె అత్త పక్కనే మంచం మీద కూసున్నది, అది కూడ చెప్పాలె. అత్త ముందు కోడలు నడుము నొస్తున్నదని చెప్తే సాయంత్రానికి అది వేరే పంచాయితీ అయితది.

అంటే ఈ లెక్కలన్నీ తక్కువ చూపిస్తయి అనుకుంటరేమో, అది కూడ కాదు. నేను మొదట్ల ఉల్టా తప్పు చేసిన. షాపు పెట్టిన కొత్తల నాకనిపించేది మా తాలూకాల ఇద్దర్ల ఒకరికి మోకాళ్ళు పోయినయని, బామ్, బెల్టు, నీ క్యాప్, గోళీలు, రోజంత అవే. ఒక వారం నోట్‌బుక్‌ల రాసుకుందామని చూసిన, ఎంతమంది నొప్పికి మందులు కొంటున్నరని. మూడో రోజే ఆపేసిన. అంకీసా నుంచి వచ్చే ఒక కాకా ఉన్నడు, ఒక్కడే వస్తడు, వాడకట్టు మొత్తానికి కొంటడు. ఇంకో మేస్త్రి ఒక్కడే వారంల నాలుగు సార్లు వస్తడు. పది మందికి కొన్నోడు ఒక్కడి లెక్క, ఒక్కడే ఉన్న మేస్త్రి నలుగురి లెక్క పడుతున్నరు. అన్నిటికన్న పెద్ద తప్పు, మందుల షాపుకు నొప్పి ఉన్నోడే వస్తడు, లేనోడు ఎందుకొస్తడు? బార్ ముంగట కూసొని ఊరంత తాగుబోతులే అన్నట్టు. 2022 ఏప్రిల్‌ల ప్రాణహిత పుష్కరాలు వచ్చినప్పుడైతే నా దగ్గర బామ్ డబ్బాలు మొత్తం ఖాళీ, ఎక్కడెక్కడోళ్ళో ఘాట్ దాక నడిచి పిక్కలు పట్టేసి కొన్నరు. ఆ 12 రోజుల అమ్మకం చూసి సిరొంచల కీళ్ళ జబ్బు ఎంతున్నదో చెప్తే ఎట్లుంటది? దవాఖానా ఓపీ లెక్కలు పట్టుకొని "మా ఏరియాల ఇంత శాతం" అని రాసే పేపర్లు కూడ కొన్ని గట్లనే ఉంటయి, చూస్తె నవ్వొస్తది.

సరే, మంచిగ ఊరంత తిరిగి చేసిన స్టడీలు చూద్దాం. నడుము నొప్పి మీద 2012ల డామియన్ హోయ్ అనే ఆయన, ఆయన టీమ్ కలిసి ప్రపంచం మొత్తంల వచ్చిన స్టడీలన్నీ ఒక్క దగ్గర పెట్టి చూసిన్రు, 54 దేశాలయి 165 స్టడీలు. ఇప్పుడు, ఈ క్షణంల నడుము నొప్పి ఉన్నదా అని అడిగిన స్టడీల సగటు 18.3 శాతం. పోయిన నెల రోజులల్ల ఎప్పుడన్న వచ్చిందా అని అడిగిన స్టడీల సగటు 30.8 శాతం. నడుము అదే, జబ్బు అదే, ప్రశ్నల టైమ్ మారింది అంతే. ఇంక అదే టీమ్ నొప్పి ఒక రోజు కన్న ఎక్కువ ఉండాలె, పని ఆగేటంత ఉండాలె అనే లెక్కకు సర్దుబాటు చేస్తే ఇప్పటి నొప్పి 11.9 శాతానికి దిగింది. మూడు నంబర్లు, మూడూ నిజమే. టీవీల చెప్పేటోడు వాటిల ఏది ఎక్కువుంటె అది చెప్తడు, టైమ్ సంగతి చెప్పడు.

దీనికి ఒక మందు కూడ కనిపెట్టిన్రు, 2008ల 12 దేశాల నుంచి 28 మంది నిపుణులు కూసొని నడుము నొప్పి అంటే ఏందో ఒక్క తీరుగ రాసిన్రు. కింది పక్కటెముకల కింది నుంచి పిర్రల మడత దాక బొమ్మల గీత గీసి చూపించాలె, పోయిన నాలుగు వారాలల్ల ఇక్కడ నొప్పొచ్చిందా అనాలె, ఆ నొప్పికి ఒక రోజు కన్న ఎక్కువ నీ పని తగ్గిందా, రోజువారీ పద్ధతి మారిందా అని అడగాలె. నాకు ఇది చదివినప్పుడు బొమ్మ సంగతి మస్తు నచ్చింది. ఎందుకంటె మా దగ్గర నడుము అంటే కొందరికి వీపు కింది భాగం, కొందరికి తుంటి, ముసలోళ్ళకైతె మెడ నుంచి కింది దాక వీపు మొత్తం నడుమే. మరాఠీ వాడు "కంబర్" అంటడు, వాని కంబర్ వాని మనసుల ఎక్కడుంటదో, మా నడుము మా మనసుల ఎక్కడుంటదో. బొమ్మ చూపించి వేలు పెట్టుమంటె ఆ గొడవుండదు.

కని "పని తగ్గిందా" అనే రెండో ముక్క దగ్గర నాకు డౌటు. మా దిక్కు పని తగ్గించుకునుడు అనేది ఎవరి చేతుల ఉంటది? నాట్లప్పుడు నడుము పట్టినా మడిల దిగాల్సిందే, కూలి పోతది. కూసొని చేసే ఉద్యోగపోడు సిక్ లీవ్ పెడ్తడు, వాని నొప్పి లెక్కల పడ్తది. కూలికి పోయే ఆమె పోతనే ఉంటది కాబట్టి పని తగ్గలేదు, అంటే లెక్కల పడదు. ఎవరి నడుము ఎక్కువ అరుగుతదో వాళ్ళే లేరన్నట్టు వస్తది. ఇది నా సొంత ఆలోచన, తప్పయితె చెప్పున్రి.

మన దేశంల ఈ లెక్క ఒక పద్ధతిగ చేసినోళ్ళల్ల మహారాష్ట్రోళ్ళు ముందున్నరు. కాప్‌కార్డ్ అని ఒక పద్ధతి ఉన్నది, డబ్ల్యూహెచ్‌ఓ, కీళ్ళ డాక్టర్ల అంతర్జాతీయ సంఘం కలిసి 1981ల సురూ చేసిన్రు, పల్లెలల్ల మిషన్లు ల్యాబులు లేకుంట కీళ్ళ జబ్బులు లెక్కపెట్టనీకి. దాన్ని ఇండియాల మొదటిసారి 1996ల పుణె జిల్లా భిగ్వాన్ ఊర్ల డాక్టర్ అరవింద్ చోప్రా టీమ్ చేసింది. ముందు ఊరోళ్ళల్లకెల్లే వాలంటీర్లకు ట్రైనింగ్ ఇచ్చి ఇల్లిల్లు తిప్పుడు, నొప్పి ఉన్నది అన్నోళ్ళతోని పెద్ద ఫారం నింపుడు, చివరికి డాక్టర్ కూసొని ఒక్కొక్కరిని ముట్టుకొని చూసుడు. నాలుగు వేల పైచిలుకు పెద్దోళ్ళను అడిగితె 18.2 శాతం మందికి ఏదో ఒక కీళ్ళ కండరాల బాధ తేలింది. ఇది నమ్మేటట్టుగ ఉంటది నాకు, ఎందుకంటె అడిగినోడు ఆ ఊరోడే, ఆ ఊరి మాటే మాట్లాడుతడు, ఆఖరికి డాక్టర్ చెయ్యి పడ్డది. మా ఇంటికొచ్చిన పిలగాడు మంచోడే, కని వానికి రోజుకు ఇన్ని ఇండ్లని టార్గెట్ ఉన్నది, మా వాకిట్ల పది నిమిషాలు కూడ లేడు.

అదే భిగ్వాన్‌ల రుమటాయిడ్, అంటే చేతి వేళ్ళ కణుపులు వాచి పొద్దున లేవంగనే బిగుసుకపోతయి చూడు, ఆ జబ్బు 0.5 శాతం దగ్గర వచ్చింది. హర్యానా బల్లభ్‌గఢ్ దిక్కు 1993ల డాక్టర్ మాలవీయ వాళ్ళు వేసిన లెక్క 0.75. అర శాతానికీ ముప్పావు శాతానికీ తేడా ఏముందిలె అనిపిస్తది కని పదివేల మంది పెద్దోళ్ళున్న దగ్గర అది 50 మందా 75 మందా అన్న తేడా. ఇసొంటి తక్కువ ఉండే జబ్బుల దగ్గర లెక్క ఎట్ల బోల్తా పడ్తదో కాగితం మీద వేసి చూసిన, మీరు కూడ వెయ్యొచ్చు. వెయ్యి మందిల నిజంగ ఐదుగురికి జబ్బున్నది అనుకుందాం. "పొద్దున వేళ్ళు బిగుసుకపోతయా" అని అడిగితె ఐదుగుర్ల నలుగురు అవునన్నరు. మంచిదే. కని జబ్బు లేని 995 మందిల కూడ వందకు పది మంది అవునంటరు, రాత్రి బట్టలుతికినోళ్ళు, చలికి బిగుసుకున్నోళ్ళు, ఊకె అవునన్నోళ్ళు. అంటే వంద మంది. మొత్తం 104 మంది అవునన్నరు, అందుల నిజం నలుగురు. డాక్టర్ చూడకుంట ఈ 104నే అచ్చేస్తే పది శాతం అయికూసుంటది! ఇంకోటి, 400 మందిని అడిగి రుమటాయిడ్ శాతం చెప్పేటోళ్ళున్నరు. అర శాతం చొప్పున 400ల ఇద్దరుండాలె. కని ఎంచుకున్న ఇండ్లల్ల ఒక్కరు కూడ తగలకుండ సున్నా వచ్చే ఛాన్స్ ఏడుసార్లల్ల ఒకసారి ఉంటది. అప్పుడు ఏం రాస్తరు, మా దిక్కు ఆ జబ్బే లేదనా? అదృష్టం తిరగబడి ఒక్క కుటుంబంలనే ముగ్గురు దొరికితె మళ్ళ వేరే కథ.

మోకాళ్ళ అరుగుడుకు వస్తే ఇంక పెద్ద తమాషా. మా దగ్గర "గుజ్జు అరిగింది" అంటరు, మంచిర్యాలల బొక్కల డాక్టర్ దగ్గరికి పోయొచ్చినోళ్ళంత ఎక్స్‌రే కవర్ పట్టుకొని నా కౌంటర్ మీద పెట్టి అదే మాట. ఇండియా పేపర్లల్ల 22 నుంచి 39 శాతం అని ఒక మాట ఉంటది, ఒక పేపర్లకెల్లి ఇంకో పేపర్లకు అట్లనే కాపీ అయితుంటది. 2016ల దేశంల ఐదు ప్రాంతాలల్ల చేసిన స్టడీల 28.7 శాతం అని వచ్చింది. అది 40 దాటినోళ్ళను చూసిన లెక్క, దేశంల అందరిదీ కాదు, కని ఆ వయసు ముక్క వాట్సాప్‌కు వచ్చేసరికి రాలిపోతది, "భారతీయుల్లో 28.7 శాతం" అయితది. ఎక్స్‌రేల అరుగుడు చూసుడు కూడ 1957ల కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు పెట్టిన 0 నుంచి 4 దాక మెట్ల మీదనే నడుస్తది, రెండో మెట్టు నుంచి జబ్బు అంటరు. ఒకటా రెండా అనే దగ్గర ఇద్దరు డాక్టర్లు రెండు తీర్లు చూస్తరు. మనిషికి నొప్పి లేకున్నా ఫోటోల అరుగుడు కనపడ్తది, ఫోటో మంచిగున్నా మనిషి మెట్లెక్కలేడు. వెన్నుపూస సంగతైతె 2015ల ఒక పెద్ద సమీక్ష వచ్చింది, ఏ నొప్పి లేనోళ్ళ స్కానింగులే చూసిన్రు: 20 ఏండ్లోళ్ళల్లనే 37 శాతం మందికి డిస్క్ అరుగుడు ఉన్నదట, 80 ఏండ్లోళ్ళల్ల 96 శాతం. నొప్పే లేదు వాళ్ళకు! స్కానింగ్ చూసి లెక్కేస్తె ఒక దేశం, నోరు అడిగి లెక్కేస్తె ఇంకో దేశం.

కాలం సంగతి మా దిక్కు ఉన్నంత ఎక్కడా ఉండదేమో. వానాకాలం నాట్లు. జనవరి నుంచి మార్చి దాక మా ఊర్లల్లకెల్లి సగం మంది గోదారి దాటి మిర్చి ఏరనీకి పోతరు, భూపాలపల్లి, ములుగు, ఖమ్మం దాక, పిల్లా జెల్లా ట్రాలీలెక్కి. వంగి వంగి రోజంత ఏరుతరు. సర్వే వాళ్ళు సరిగ్గ అప్పుడే వస్తరు, మార్చి లోపల రిపోర్టు ఇయ్యాలె గదా. ఇండ్లకు తాళాలు. ఊర్ల ఉన్నది ఎవరు? కాలు చెయ్యి ఆడక పోలేని ముసలోళ్ళు, షాపులోళ్ళు, టీచర్లు. అప్పుడు లెక్కేస్తె ముసలోళ్ళు ఎక్కువై నొప్పి ఎక్కువ రావొచ్చు, లేకుంటె కష్టం చేసేటోళ్ళు లేక తక్కువ రావొచ్చు, ఏ దిక్కు మొగ్గుతదో కూడ చెప్పలేం. వయసు లెక్క సర్దుబాటు చేస్తరు, అది కాగితం మీద నడుస్తది. తాళం వేసి పోయినోని నడుమును మాత్రం సర్దలేరు. పోయిన 12 నెలలల్ల అని అడుగుడు కూడ అంతే. 1987ల నార్డిక్ దేశాలోళ్ళు తయారు చేసిన ఒక ఫారం ఉన్నది, ఒంటిని తొమ్మిది భాగాలు చేసి, 12 నెలలల్ల ఉన్నదా, 7 రోజులల్ల ఉన్నదా అని అడుగుతరు, ఇప్పటికీ ప్రపంచమంత అదే వాడ్తరు. మంచి ఫారమే. కని మా దగ్గర నెలలతోని ఎవరు గుర్తు పెట్టుకుంటరు? నాట్లప్పుడు, మిర్చి కాడ, తునికాకు కల్లం కాడ, మేడారం జాతర ముందు అని చెప్తరు. 12 నెలలు అంటే రెండేండ్ల కింది సంగతి కూడ అందుల పడ్తది, పది రోజుల కిందిది మర్చిపోతరు.

బార్డర్ల ఉన్నోళ్ళకు ఇంకో బాధ. మా జిల్లా హెడ్‌క్వార్టర్ గడ్చిరోలి రెండొందల కిలోమీటర్ల దూరం, అడవి రోడ్డు. వంతెన దాటితె కాళేశ్వరం. కాబట్టి మావోళ్ళు మంచిర్యాల, వరంగల్, కరీంనగర్ పోతరు. అక్కడి రిజిస్టర్ల పేరు ఎక్కితె తెలంగాణ పేషెంటు, లేకుంటె ఎక్కనే ఎక్కరు, ప్రైవేటుల క్యాష్ కట్టి వస్తరు. మహారాష్ట్ర లెక్కల మా కీళ్ళు మంచిగనే ఉన్నయి. లాసి అని సర్కారు చేసే పెద్ద సర్వే ఉన్నది, 2017-18ల మొదటి విడత, 45 దాటినోళ్ళు, 72 వేల మంది పైన. అంత పెద్ద పనికి దండం పెట్టాలె, కని కీళ్ళవాతం సంగతి అందుల అడిగే తీరు ఏందంటె, ఏ డాక్టరన్న నీకు ఈ జబ్బు ఉన్నదని చెప్పిండా అని. డాక్టర్ ఉన్న కాడ జబ్బు కనపడ్తది. డాక్టరే లేని కాడ జబ్బు లేదు. ఆ టేబుళ్ళల్ల రాష్ట్రాలను పక్కపక్కన పెట్టి చూస్తె కీళ్ళ కన్న ఎక్కువ డాక్టర్లు కనపడ్తరు నాకు.

మా జిల్లాలనే సెర్చ్ వాళ్ళు, అదే అభయ్ బంగ్, రాణి బంగ్ గార్ల సంస్థ, ఊర్లల్ల ఇల్లిల్లు తిరిగి నడుము, ఒంటి నొప్పుల మీద స్టడీ చేసిన్రు. పల్లెటూరోళ్ళ నొప్పిని కూడ లెక్కపెట్టాల్సిన రోగం అనుకున్నందుకే వాళ్ళకు సలాం. కని ఆ ఊర్లు జిల్లాకు అటు పక్క, మరాఠీ మాట్లాడే ఊర్లు, తెలుగు మాట్లాడే మా సిరొంచ కొస వేరే. జిల్లా పేరు ఒక్కటే అయినంత మాత్రాన ఒక్క నంబర్ అందరికీ సరిపోదు.

ఇంక అన్ని నొప్పులు ఒక్క సంచిల వేసుడు ఒకటి. మా దిక్కు ఆదివాసీ ఊర్లల్ల సికిల్ సెల్ ఉన్నది, ఆ పిల్లలకు బొక్కలల్ల నొప్పి లేస్తది, వయసు పిలగాడు కీళ్ళు పట్టుకొని ఏడుస్తడు, అది రక్తం జబ్బు. 2006 దగ్గర దగ్గర చికున్‌గున్యా వచ్చి ఊర్లకు ఊర్లు వంగిపోయి నడిచినయి, కొందరికి నెలల తరబడి కీళ్ళు పోలేదు. ఆ ఏడు సర్వే చేసిన్రనుకో, ఆ నంబర్ పదేండ్లు పుస్తకాలల్ల తిరుగుతది. ఫారంల మాత్రం అన్నిటికీ ఒక్కటే డబ్బా, "జాయింట్ పెయిన్: అవును".

ప్రపంచం లెక్క సంగతి కూడ చెప్పి ఆపేస్త. 2020ల 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉన్నదని, 2050కి 84.3 కోట్లయితదని జీబీడీ (ప్రపంచంల ఏ రోగం ఎంతున్నదో లెక్కగట్టే స్టడీ) వాళ్ళు లాన్సెట్ రుమటాలజీ అనే డాక్టర్ల పత్రికల 2023ల వేసిన్రు. అన్ని పేపర్లు ఈ 61.9నే రాసినయి. పక్కనే వాళ్ళే నిజాయితీగ రాసుకున్నరు, ఇది 55.4 నుంచి 69.4 కోట్ల మధ్యల ఎక్కడన్న ఉండొచ్చని. ఆ మధ్యల గ్యాపే 14 కోట్లు, మహారాష్ట్ర జనాభా కన్న ఎక్కువ! అది ఏ పేపర్‌ల రాలేదు. ఇంకోటి, సర్వే జరగని జాగలకు పక్క జాగల డేటా, వయసులు, ఇంకా కొన్ని చూసి మోడల్‌తోని నింపుతరు. తప్పని కాదు, ఖాళీగ వదిలేస్తె ఇంకా తప్పు, సున్నా అనుకుంటరు. కని ఆ రంగుల మ్యాప్ చూసినప్పుడు మనకు ఏ రంగు కొలిచింది, ఏ రంగు నింపింది అనేది తెల్వదు. ముందేడు కన్న ఈ ఏడు పెరిగింది అన్నప్పుడు కూడ అంతే, నొప్పి పెరిగిందా, అడిగే ప్రశ్న మారిందా, ముసలోళ్ళు పెరిగిన్రా, మూడూ కలిసి వస్తయి.

ఒక రాత్రి అవ్వ ముంగట నేనే సర్వే పెట్టిన. మందుల కంపెనోళ్ళిచ్చిన ప్యాడ్ వెనక మనిషి బొమ్మ గీసిన, ముందు వీపు రెండూ, బొమ్మ మంచిగ రాలేదు, బొంగరం లెక్క వచ్చింది. నొప్పి అనే మాట తీయలేదు. "ఎక్కడ గుంజుతదే? ఎక్కడ పడుతది? వేలు పెట్టు" అన్న. ముందు నవ్వింది, తర్వాత మోకాళ్ళు రెండు, నడుము, కుడి భుజం, మెడ వెనక, బొటనవేలి మొదలు. "పాదాలు కూడనా?" అన్న. "యాడ గుంజదో గది అడుగు, జల్ది అయితది" అన్నది. ఎన్ని రోజుల సంది అంటే "నీ చెల్లె పెండ్లి కాడి నుంచి". పని ఏమన్న ఆగిందా అంటే "ఎట్ల ఆగుతది". బావి కాడికి పోతవు గదా అంటే పోతనే లేదట, ఆరు నెలల సంది పక్కింటి పిల్ల నీళ్ళు తెచ్చి పోస్తున్నదట. నాకు తెల్వనే తెల్వదు. ఒకే ఇంట్ల ఉంటం.

సర్వేలల్ల ఇంకో పరీక్ష ఉంటది, కొందరిని మళ్ళ పోయి అదే ప్రశ్న అడిగి, మొదటి జవాబు రెండో జవాబు కలుస్తున్నయా చూస్తరు. కలిస్తె కప్పా అని ఒక నంబర్ మంచిగ వస్తది, ప్రశ్న నమ్మకమైనది అని రాస్తరు. ఇక్కడనే నాకు మస్తు నవ్వొచ్చింది. మా అవ్వను వందసార్లు "సంధివాత్ ఆహే కా" అని అడిగితె వందసార్లు లేదనే అంటది. ఒక్కసారి కూడ మాట మారదు. నమ్మకమంటె గట్ల ఉండాలె! జవాబు తప్పు, కని ఎన్నిసార్లు అడిగినా అదే తప్పు.

పోయిన వారం ఆ పిలగాడే ఫోన్ చేసిండు. సూపర్‌వైజర్ కొన్ని ఇండ్లు రీ-చెక్ చేస్తడట, మా ఇంటి నంబర్ తగిలిందట, మావశీ ఎప్పుడుంటరు అన్నడు. నాకు లోపల సంతోషమే అయింది, ఈసారి బొమ్మ చూపిస్త అనుకున్న. అవ్వను అడిగిన. ఆమె తునికాకు కట్టలకు నార చీరుకుంట ఉన్నది, వద్దంటె వినదు, ఎండాకాలం పదిహేను ఇరవై రోజులు వచ్చే పైసలు ఆమె సొంత పైసలు. "పొద్దున నాలుగింటికి అడవికి పోతె పదకొండుకొస్త, కట్టలు కట్టాలె, కల్లం కాడికి పోవాలె, పొద్దూకినంక రమ్మను" అన్నది. పిలగానికి చెప్పిన. వాళ్ళ టైమ్ పది నుంచి ఐదు దాకనట, మూడుసార్లు వచ్చి దొరక్కపోతె తాళం అని రాసుకుంటరట. అవ్వకు ఆ మాట చెప్పిన, మంచిదే రాసుకోనీ అని, పొద్దుగాల సంచిల పెట్టుకునేటందుకు బామ్ డబ్బా తెమ్మన్నది.